1957లో హోగ్నర్ రాజీనామా తొందరపాటేనా?

ఇజార్‌గట్టు:
పశ్చిమ జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో, 1954 ఎన్నికల్లో సంప్రదాయవాద పార్టీ సీఎస్‌యూకి 83 సీట్లొచ్చినా దాన్ని ప్రతిపక్షంలో కూర్చోబెట్టినవాడు విల్‌హెల్మ్ హోగ్నర్. నాలుగు పార్టీల కూటమి కట్టాడు: తన ఎస్‌పీడీ (సోషల్ డెమొక్రాట్లు) 61, బవేరియా పార్టీ 28, బీహెచ్ఈ (శరణార్థుల పార్టీ) 19, ఎఫ్‌డీపీ (ఉదారవాదులు) 13. 204 మంది సభలో 121. అలాంటివాడు 1957 అక్టోబరు 8న సభలో ఓటింగ్ దాకా కూడా పోకుండా ముఖ్యమంత్రి పదవి వదిలేశాడు. బీహెచ్ఈ ఒక్కటే పోతే ఇంకా 102 మంది, అంటే సరిగ్గా సగం. బవేరియా పార్టీని బుజ్జగించి నెట్టుకురావాల్సింది. అప్పటి కేంద్ర రాజధాని బాన్‌లో ఛాన్సలర్‌ని, అంటే కేంద్ర ప్రభుత్వాధినేతని, దించాలంటే ముందు వారసుణ్ని ఎన్నుకోవాలి కదా, అప్పటిదాకా కుర్చీ ఖాళీ చెయ్యక్కర్లేదు.

పాతగెజిట్:
బాన్ రూలు బవేరియా రాజధాని మ్యూనిక్‌లో చెల్లదు. అది కేంద్ర రాజ్యాంగం 67వ అధికరణం. బవేరియాది 44వది: సభతో నమ్మకంగా కలిసి పనిచేసే పరిస్థితి లేకపోతే ముఖ్యమంత్రి రాజీనామా చేసి తీరాలి. 1946 నాటి ఆ రాజ్యాంగానికి తొలి ముసాయిదా రాసిందే హోగ్నర్, స్విట్జర్లాండ్ ప్రవాసం నుంచి తిరిగొచ్చాక. తను మొదలుపెట్టిన రాజ్యాంగాన్ని తనే పక్కన పెడతాడా? పైగా బవేరియా పార్టీ కూడా వెళ్లిపోయింది. మిగిలింది 74. బుజ్జగించడానికి ఎవరున్నారు?

మూడోబెంచీ:
లెక్కలు సరే, అసలు తప్పు ముందే జరిగింది. రాష్ట్ర అస్తిత్వమే ప్రాణమనే బవేరియా పార్టీ ఒక పక్క, తూర్పు నుంచి తరిమేస్తే వచ్చిన జర్మన్ల బీహెచ్ఈ ఇంకో పక్క. వీళ్లని కట్టిన తాడు ఒక్కటే: ఉపాధ్యాయ శిక్షణని క్యాథలిక్, ప్రొటెస్టెంట్ అని విడగొట్టే పద్ధతి నుంచి తప్పించడం. మెజారిటీ గట్టిగా ఉన్న తొలి ఏడాదిలోనే దాన్ని ముగించాల్సింది. నానుతూ పోయింది. ఈలోగా 1957 సెప్టెంబరు 15న కేంద్ర ఎన్నికలు: బవేరియాలో సీఎస్‌యూకి 57 శాతం, బీహెచ్ఈకి దేశం మొత్తమ్మీద 4.6. సీట్లు రావాలంటే కావాల్సిన అయిదు శాతం గీత దాటలేక పార్లమెంటులో సున్నా. చిన్న పార్టీలకి గుండె జారింది.

ఇజార్‌గట్టు:
44వ అధికరణం సంగతి ఒప్పుకుంటున్నా. తాడు మాట కూడా. కానీ బవేరియా పార్టీ తెలివి చూడండి! హోగ్నర్ తర్వాత ముఖ్యమంత్రి అయిన సీఎస్‌యూ నాయకుడు హాన్స్ జైడెల్ బీహెచ్ఈ, ఎఫ్‌డీపీలతో 115 కూడగట్టుకుని వీళ్లని బయటే నిలబెట్టాడు. హోగ్నర్‌ని వదిలేసి వీళ్లకి దక్కిందేంటి?

పాతగెజిట్:
దక్కింది 1959లో క్యాసినో లైసెన్సుల వ్యవహారంలో అబద్ధపు సాక్ష్యం కేసు. వాళ్ల నాయకుడు బౌమ్‌గార్ట్‌నర్‌కే శిక్ష పడింది.