అల్పైన్ కార్వింగ్ బోర్డుకు ప్లేట్ వేసినవారు చెప్పండి, తేడా తెలుస్తుందా?

పానగల్లు (నల్లగొండ)

మ్యూనిచ్‌లో ఉంటున్న మా బాబాయి కొడుకు తన పాత అల్పైన్ బోర్డును (మంచు వాలు మీద అంచుతో కోసుకుంటూ మలుపులు తిరిగే సన్నటి స్నోబోర్డు), దాంతోపాటు ఒక ఐసోలేషన్ ప్లేట్‌ను నాకు పంపించాడు. బోర్డు పొడవు 175 సెంటీమీటర్లు, నడుము సన్నం, గట్టి బూట్లతో వాడేది. ఇన్నాళ్లూ ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వేరేవాళ్ల బోర్డు మీద, ప్లేట్ లేకుండానే దిగాను. ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నాం. ప్లేట్ బిగించాలా, ఇంట్లోనే ఉంచాలా తేలడం లేదు. నేను అడుగుతున్నది బైండింగ్ (బూటును పట్టి ఉంచే బిగింపు) గురించి కాదు. బైండింగులకూ బోర్డుకూ మధ్య, రెండు పాదాల కిందా ఒకటే పొడవాటి పలకగా ఉంటుందే, దాని గురించి. ఏ మంచు మీద వాడారో కూడా రాస్తే మేలు.

పాలమూరు–ఇన్స్‌బ్రుక్

తమ్ముడూ, నేను ఇక్కడ స్టుబాయ్ హిమానీనదం మీద ప్లేట్‌తోనూ దిగాను, లేకుండానూ దిగాను. ముందు అది చేసే పని అర్థమైతే మిగతాది నువ్వే తేల్చుకుంటావు.

బోర్డు మలుపు తిరిగేది వంగడం వల్ల. పక్క అంచుల్లో ఉండే వంపు వ్యాసార్ధం 14 మీటర్లున్న బోర్డును అంచు మీద 60 డిగ్రీలు వాలిస్తే, మలుపు వ్యాసార్ధం లెక్క ప్రకారం 7 మీటర్లకు తగ్గుతుంది. అంతగా వంగాలంటే బోర్డును ఎవరూ పట్టుకోకూడదు. కానీ బైండింగులు బిగించిన రెండు చోట్లా బూటూ బైండింగూ కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. చివరలు వంగుతాయి, నడుమ వంగుతుంది, పాదాల కింద మాత్రం బిర్రుగా ఉండిపోతుంది.

ప్లేట్ వేస్తే బైండింగులు దానికే బిగుస్తాయి. ప్లేట్‌ను బోర్డుకు కలిపే రెండు ఇరుసుల్లో ఒక చివరది తిరుగుతుంది గాని చోటు మారదు. రెండో చివర ఇరుసు తిరుగుతూనే ముందుకూ వెనక్కూ కాస్త జారుతుంది. బోర్డు వంగినప్పుడు రెండు ఇరుసులూ దగ్గరవుతాయి. ఆ తేడాను జారే చివర సర్దుకుంటుంది. అందువల్ల బోర్డు పొడవునా ఒకే వంపు వస్తుంది.

ఇక అనుభవం. పొద్దున్నే యంత్రం చదును చేసి వెళ్లిన మంచు మీద నాకు ప్లేట్ లేకుండానే ఎక్కువ సంతోషంగా ఉంది. అంచు ఎక్కడ పట్టిందో అరికాలికి తెలుస్తూ ఉంటుంది, ప్లేట్ వేస్తే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది. మధ్యాహ్నానికి పరిస్థితి తారుమారు. జనం దిగి దిగి వాలంతా గాళ్లు పడుతుంది, మధ్య మధ్య గట్టి గడ్డలు. ప్లేట్ లేనప్పుడు ప్రతి గడ్డా మోకాలికి తగిలింది. ముఖ్యంగా మడమ వైపు మలుపులో అంచు టకటకా లేచి పడుతూ పట్టు వదిలేసేది. ప్లేట్ ఉన్నప్పుడు కింద బోర్డు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, కాళ్లకు మాత్రం అందులో కొంతే చేరింది. సమాంతర జెయింట్ స్లాలమ్ పోటీల్లో (ఇద్దరు పక్కపక్కన జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగేవి) ముందు దిగినవారు చేసిన గాళ్లలోనే వెనకవారు దిగాలి. పోటీలవారికి ప్లేట్ ఎందుకు అంత అవసరమో ఆ మధ్యాహ్నాలే నాకు నేర్పాయి.

వనపర్తి కోట

గుల్‌మర్గ్‌కు వెళ్లేవారు మాత్రం ప్లేట్ మోసుకెళ్లవద్దని గట్టిగా చెబుతాను. గొండోలా (తీగ మీద నడిచే కేబిన్) రెండో దశ దిగితే అఫర్వత్ కొండ మీద 3,900 మీటర్లకు పైన ఉంటాం. అక్కడికి జనం వచ్చేదే మెత్తటి మంచు కోసం. అందులో సన్నటి అల్పైన్ బోర్డే మునుగుతుంది, దానికి తోడు ప్లేట్ బరువు ఎందుకు?

ఇంకొకటి. నేర్చుకుంటున్నవారు దీని జోలికి పోకూడదు. ముందు పాదం ఒక పక్కకూ వెనక పాదం ఇంకో పక్కకూ మెలితిప్పి బోర్డును సరిదిద్దుకోవడం మనం మొదట నేర్చే విద్య. ప్లేట్ రెండు కాళ్లనూ ఒకే పలకకు కట్టేస్తుంది కాబట్టి ఆ వీలు తగ్గిపోతుంది. వేగంలో అది లోటుగా తోచదు. జనం మధ్య నెమ్మదిగా జారుతూ ఆగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మిర్యాలగూడ మిల్లు

నేను మంచు మీద దిగేవాణ్ని కాను, మా అమ్మాయి దిగుతుంది. ఆమె ప్లేట్ విప్పి, శుభ్రం చేసి, బిగించేది నేను. కాబట్టి యంత్రం వైపు నుంచి చెబుతాను.

మా ఊరి బియ్యం మిల్లుల్లో జల్లెడ యంత్రాల కింద రబ్బరు దిమ్మెలు వేస్తాం. దిమ్మె తగినంత మెత్తగా ఉంటే వేగంగా వచ్చే అదురు నేలకు దిగదు, మెల్లగా వచ్చే ఊపు మాత్రం దాటి వస్తుంది. ప్లేట్ కింద రబ్బరు దగ్గరా ఇదే లెక్క. గరుకు మంచు పుట్టించే సన్నటి అదురు ఆగుతుంది, పెద్ద గుంతలో పడితే ఏ ప్లేటూ కాపాడదు.

ఇక్కడ మనవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. రబ్బరు చలికి బిగుసుకుంటుంది. మే నెల నల్లగొండ ఎండలో వేలితో నొక్కి చూసి మెత్తగా ఉందనుకున్నది సున్నాకు 10 డిగ్రీల దిగువన అలా ఉండదు. గ్రీజు కూడా అంతే. బండి బేరింగులకు వేసే మామూలు గ్రీజు అక్కడ చిక్కబడి, జారాల్సిన చివరను పట్టేస్తుంది. చలికి తట్టుకునే గ్రీజు తెచ్చి పలుచగా రాయండి.

పానగల్లు గారూ, బయలుదేరే ముందు ఒక పరీక్ష చేయండి. బోర్డు ముక్కు ఒక స్టూలు మీద, తోక ఇంకో స్టూలు మీద ఆనించి, ప్లేట్ బిగించండి. జారే చివర దగ్గర ప్లేట్‌నూ దాని కింది భాగాన్నీ కలుపుతూ పెన్సిల్‌తో ఒక గీత గీయండి. బోర్డు నడుమ భాగాన్ని చేతులతో అదమండి. గీత రెండుగా విడిపోవాలి, వదిలితే మళ్లీ కలవాలి. మా అమ్మాయి ప్లేట్‌లో గీత కదలనే లేదు. విప్పి చూస్తే పాత గ్రీజూ దుమ్మూ కలిసి నల్లటి పెచ్చుగా ఇరుసు గాడి నిండా పేరుకుని ఉంది. రబ్బరు ముక్కలు తీసి పక్కన పెట్టి, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాక వేలితో తోస్తే జారింది. జారని ప్లేట్ వేసేకంటే అసలు వేయకపోవడం మంచిది. బోర్డును వంగనివ్వడానికి పెట్టిందే వంగకుండా అడ్డుపడుతుంది.

గద్వాల జరీ

అంత ఖర్చు లేకుండా బైండింగ్ కింద రబ్బరు షీటు కత్తిరించి వేస్తే సరిపోదా?

పాలమూరు–ఇన్స్‌బ్రుక్

అదురు కొంత తగ్గుతుంది. బాంబర్ టీడీ3 బైండింగుల్లో అలాంటి రబ్బరు ముందే ఉంటుంది, బాగానే పనిచేస్తుంది. కానీ పాదాల కింద బోర్డు బిర్రుగా ఉండే సమస్య దాంతో పోదు. పైగా షీటు మందం పెరిగిన కొద్దీ స్క్రూ బోర్డులోకి దిగే లోతు తగ్గుతుంది, అక్కడ జాగ్రత్త.

దేవరకొండ–డెన్వర్

స్క్రూల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. బోర్డులో ఉండేవి ఎం6 (6 మిల్లీమీటర్ల మర) నట్లు. స్క్రూ పొట్టిదైతే మర సరిగా పట్టక ఊడి వస్తుంది, పొడవైతే బోర్డు అడుగును లోపలి నుంచి పొడుచుకొని బొడిపె తేలుస్తుంది. ప్లేట్‌కు ఒక పొడవు, బైండింగ్‌కు ఒక పొడవు. వాటిని ఒకే డబ్బాలో కలపకండి. మొదటిసారి దిగి కిందికి రాగానే అన్నింటినీ మళ్లీ బిగించి చూడండి.

బరువు గురించి ఎవరూ రాయలేదు. నేను 52 కిలోల మనిషిని. మొదట వాడిన అల్యూమినియం ప్లేట్ నాకు మరీ గట్టిది. బోర్డు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారేటప్పుడు ప్రతిసారీ లాగాల్సి వచ్చేది. కుర్చీ లిఫ్టులో ఇంకా కష్టం. వెనక కాలు విప్పేసి ఉంటాం కనుక బోర్డూ ప్లేటూ రెండూ ముందు మోకాలికి వేలాడతాయి. తర్వాత తేలికైన కార్బన్ ప్లేట్ దొరికింది, అది నా బరువుకు వంగింది, అప్పుడే నాకు దీని మీద ఇష్టం కలిగింది. అన్నయ్యలు బాగుందన్న ప్లేటే చెల్లెళ్లకూ బాగుంటుందని అనుకోవద్దు.

ఎత్తు వల్ల ఒక లాభం ఉంది. నడుము 20 సెంటీమీటర్ల లోపు ఉండే బోర్డు మీద బూటు ముందూ వెనకా బయటికి పొడుచుకు వస్తుందని పాదాలను 60 డిగ్రీల దాకా తిప్పి పెడతాం. ప్లేట్ పాదాన్ని పైకి లేపుతుంది కాబట్టి బాగా వాలినప్పుడు కూడా బూటు మంచుకు రాసుకోదు.

పానగల్లు (నల్లగొండ)

ఔలీ నుంచి తిరిగి వచ్చాం. మిల్లు గారూ, వెళ్లేముందు పెన్సిల్ గీత పరీక్ష చేశాను, రెండు మూడు మిల్లీమీటర్లు కదిలింది, వదలగానే కలిసింది. చాలా ధన్యవాదాలు.

పొద్దున వాలు రాత్రి చలికి గడ్డకట్టి, ముందురోజు జనం చేసిన గాళ్లతో సహా బిగుసుకుపోయి ఉంది. నాకు ఎప్పుడూ భయం పుట్టించేది మడమ వైపు మలుపు. ఈసారి అంచు పట్టింది, మలుపు చివరిదాకా తోక జారకుండా వెంట వచ్చింది. మంచు మీద మిగిలిన గీత వెనక్కి వెళ్లి చూశాను. సన్నగా, ఎక్కడా చెదరకుండా ఉంది. అదే వాలు మీద ప్లేట్ విప్పి దిగితే, మలుపు మధ్యలో గీత చుక్కలు చుక్కలుగా విరిగింది. ఎండ ఎక్కి మంచు మెత్తబడ్డాక మాత్రం ఆ తేడా పోయింది, వనపర్తి కోట గారు చెప్పిన బరువే మిగిలింది. పిల్లలకు నేర్పుతూ నెమ్మదిగా దిగినన్ని సేపూ విప్పేసే ఉంచాను.

దేవరకొండ–డెన్వర్

చాలా సంతోషం తమ్ముడూ. జారే చివరను ముందు పెట్టావా, వెనక పెట్టావా?

పానగల్లు (నల్లగొండ)

వెనక పెట్టానక్కా. బాబాయి కొడుకు అలాగే పంపించాడు.

దేవరకొండ–డెన్వర్

వచ్చే శీతాకాలం ముందుకు మార్చి, పొద్దున్నే ఆ గట్టి మంచు మీదే దిగి చూడు. నాకు మలుపు మొదలుపెట్టడం దాంతో సులువైంది, మా బృందంలో కొందరికి అస్సలు నచ్చలేదు. ఎలా ఉందో ఇక్కడే రాయి.