జిమ్నీకి ముందు టైర్లా, లిఫ్టా? రేగడి బాటకి ఏది పనికొస్తుంది?

తాండూరు_కంది:
అన్నలూ, ఒక పంచాయితీ తెంపాలి. పోయిన దసరాకి సెకండ్ హ్యాండ్‌లో మారుతి జిమ్నీ కొన్నాను. ఐదు డోర్లది, మాన్యువల్. ఉండేది హైదరాబాద్‌లో, పొలం తాండూరు దగ్గర. వారం వారం వెళ్లొస్తాను. తార్రోడ్డు దిగాక పొలం దాకా నాలుగు కిలోమీటర్లు రేగడి బాట. నాపరాయి ట్రాక్టర్లు కూడా అందులోనే తిరుగుతాయి కాబట్టి రెండు వైపులా గాళ్లు లోతుగా పడ్డాయి.

జూలైలో వాన పడ్డ మర్నాడు ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేరు) వేసుకుని దర్జాగా దించాను. రెండొందల గజాలు కూడా పోలేదు. నాలుగు టైర్లూ నల్ల లడ్డూలయ్యాయి, బండి గాడిలో కూర్చుంది. చిన్నాయన ట్రాక్టర్ తెచ్చి లాగాడు. లాగుతూ "ఫోర్ బై ఫోర్ అంటివి కదరా" అన్నాడు. ఇంకా గుచ్చుకుంటోంది ఆ మాట.

ఒక షాపువాళ్లు ప్యాకేజీ చెప్పారు. రెండంగుళాల లిఫ్ట్ (స్ప్రింగులు మార్చి బాడీని పైకి లేపడం), 235/75 సైజు మడ్ టైర్లు, ముందు ఇనుప బంపర్, అన్నీ కలిపి లక్షా ఎనభై. మా బావేమో "ఉన్న బండిని పాడు చేసుకోకు" అంటున్నాడు. ఏం చేయమంటారు?

కమాన్‌కట్ట:
తమ్ముడూ, నేను పదకొండేళ్లు జిప్సీ నడిపాను. ముందూ వెనకా కమాన్ కట్టలే, నడుం సంగతి అడక్కు. ముందు ఒకటి చెప్పు. ఆ రోజు దిగేటప్పుడు టైర్లలో గాలి ఎంత ఉంది? హైవే గాలితోనే దించావు కదా? బురదలోకి దిగేముందు కొంత గాలి తీయాలి.

ఇక లిఫ్ట్ విషయం. డబ్బు కట్టేముందు టేపు పట్టుకుని ఒకసారి బండి కిందికి దూరు. కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్లు డోర్ల కింద ఉండే ఎత్తు కాదు. ఇరుసు మధ్యలో ఉబ్బుగా డిఫరెన్షియల్ గుండు ఉంది చూశావా, దాని కింద ఎత్తు అది. జిమ్నీకి ముందూ వెనకా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకటే ఇరుసు. స్ప్రింగులు పెంచితే బాడీ లేస్తుంది, ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. గుండు లేవాలంటే టైరు పెద్దదవ్వాలి, వేరే దారి లేదు. గాళ్ల మధ్య దిమ్మకి నీ బండిలో ముందుగా ఆనేది ఆ గుండే. లిఫ్ట్ వేయించినా అక్కడే ఆనుతుంది, కాకపోతే కొంచెం ఎత్తులో కూర్చుని చిన్నాయన కోసం ఎదురు చూస్తావు.

రెండంగుళాల_పొగరు:
పెద్దాయన చెప్పింది సగం నిజం. మిగతా సగం నేను చెప్తాను, ఎందుకంటే నాది లిఫ్ట్ బండే.

బయటి దేశాల్లో అమ్మే మూడు డోర్ల జిమ్నీకి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2250 మిల్లీమీటర్లు. మన ఐదు డోర్లది 2590. ఆ పెరిగిన 340 మిల్లీమీటర్లూ కడుపు కిందే పెరిగాయి. గట్టు దాటేటప్పుడు నడుమ తగలకుండా ఉండే కోణం మూడు డోర్లదానికి 28 డిగ్రీలు, మనదానికి 24. మా మామిడి తోట ముందు పాత కాలవ గట్టు ఒకటుంది. కంపెనీ ఎత్తులో ఉన్నప్పుడు ప్రతిసారీ కింద గర్రుమని గీసుకునేది. లిఫ్ట్ అయ్యాక ఒక్కసారీ తగల్లేదు. ఇరుసు లేవదు, ఒప్పుకుంటాను. కడుపు లేస్తుంది కదా!

ఇంకోటి. గాలి తీయమంటున్నారు. గాలి తీస్తే టైరు అణిగి ఆ గుండు ఇంకా కిందికి దిగదా? గాళ్లలో ఉన్నవాడికి ఆ సలహా ఏంటి సార్?

కమాన్‌కట్ట:
దిగుతుంది. మంచి ప్రశ్నే. ఒక సెంటీమీటరు, ఇంకొంచెం ఎక్కువ. కానీ టైరు నేల మీద పరుచుకునే పొడవు పెరుగుతుంది, బరువు పంచుకుంటుంది, అందుకే మునగదు. అసలు గాళ్లలోకి ఎందుకు దిగాలి? ఒక చక్రం మధ్య దిమ్మ మీద, రెండోది గాడి బయటి అంచు మీద పెట్టి పోవాలి. జారితే జారుతుంది, అందుకే మెల్లగా. నీ కాలవ గట్టుకి లిఫ్ట్ మందే. ఈయన రోగం వేరు.

వరంగల్_ఆటోమేటిక్:
మాటలు చాలు, లెక్క వేద్దాం. పొద్దున టీ తాగుతూ వేశాను.

కంపెనీ టైరు 195/80 ఆర్15. మొత్తం ఎత్తు దాదాపు 693 మి.మీ. 215/75 అయితే 703. అంటే పది పెరిగింది, ఇరుసు కింద వచ్చేది అందులో సగం, ఐదు మిల్లీమీటర్లు. మూడు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు అంత. షాపువాళ్లు చెప్పిన 235/75 అయితే 733, ఇరుసు కింద 20 మి.మీ. వస్తుంది. అది నిజంగానే తేడా. కానీ మీటర్ 100 చూపించేటప్పుడు బండి 105 దాటి ఉంటుంది, గేర్లు కూడా ఆ మేరకు బరువెక్కుతాయి. మన ఇంజన్ లాగే బలం (టార్క్) 134 న్యూటన్ మీటర్లే. మాన్యువల్‌లో గేరు దించుకుని లాగించొచ్చు. నాది నాలుగు గేర్ల ఆటోమేటిక్, ఎక్కుడులో అసలే ఆలోచించి ఆలోచించి గేరు మారుస్తుంది. అందుకే 215/75 ఏటీ (ఆల్ టెరైన్, అన్ని దారులకీ పనికొచ్చే టైర్లు) వేయించి ఆగిపోయాను. ఎత్తు కోసం కాదు, టైరు మీది గాడుల కోసం.

పైగా 235 వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల తగులుతుంది. దాంతో లిఫ్ట్ కావాలి, లిఫ్ట్‌తో ఇంకోటి కావాలి. పిల్లి కోసం ఆవుని కొన్న సన్యాసి కథ.

తాండూరు_కంది గారూ, మీరు ఫోర్ హై అన్నారు. ‘ఫోర్ లో’ (నాలుగు చక్రాలూ నిదానంగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఎందుకు వేయలేదు? ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దానికి బ్రేక్ పట్టి అవతలి చక్రానికి బలం పంపే ఏర్పాటు జిమ్నీలో కంపెనీ నుంచే ఉంది. అది అందుకోవడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ టకటక చప్పుడు విని భయపడి చాలామంది కాలు తీసేస్తారు. తీయకుండా నిదానంగా పట్టుకుని చూడండి.

తాండూరు_కంది:
మేడమ్, నిజం చెప్తున్నా, చప్పుడు రాగానే ఏదో విరిగిందనుకుని ఆఫ్ చేశాను 😅 గాలి కూడా తీయలేదు. పంపు ఉంటే కదా తీయడానికి.

వణికిన_స్టీరింగ్:
నా పేరు చూశారుగా. నేనూ లిఫ్ట్ బాధితుడినే. షాపు పేరు చెప్పను, పోయింది నా డబ్బు.

స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మార్చి తాళం చేతికిచ్చారు. ఔటర్ మీద డెబ్భై అయిదులో ఒక చిన్న గతుకు తగిలింది. స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందా అన్నంత కొట్టుకుంది. యాభై లోపుకి దించితేగానీ ఆగలేదు. పక్క సీట్లో మా ఆవిడ డ్యాష్‌బోర్డు మీది హ్యాండిల్ రెండు చేతులతో పట్టుకుంది, నాతో ఇంటి దాకా మాట్లాడలేదు.

తర్వాత ఒక పాత మెకానిక్ చూసి చెప్పాడు. బాడీ లేస్తే ముందు ఇరుసు కొద్దిగా తిరుగుతుంది. దాంతో కాస్టర్ కోణం తగ్గి, వదిలితే తనంతట తాను నిటారుగా వచ్చే గుణం స్టీరింగ్‌కి పోతుంది. ఇరుసుని పక్కకి జరక్కుండా పట్టే పన్‌హార్డ్ రాడ్ పొడవు మారదు కాబట్టి ఇరుసు మొత్తం ఒక పక్కకి లాగేస్తుంది. నా బండిలో టేపు పెట్టి చూస్తే ఒక వైపు టైరు రెండో వైపు కన్నా బాగా బయటికి ఉంది. కాస్టర్ బుష్‌లు, సర్దుకునే పన్‌హార్డ్ రాడ్ వేయించి, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయిస్తే తగ్గింది. లిఫ్ట్ ఖర్చులో సగం మళ్లీ అయింది. మీ లక్షా ఎనభైలో ఈ రెండూ ఉన్నాయో లేదో అడగండి. షాపువాడు "అవసరం లేదు సార్" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

రెండంగుళాల_పొగరు:
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు. నా దాంట్లో ఆ రెండూ మొదటి రోజే వేయించాను. తప్పు లిఫ్ట్‌ది కాదు, సగం లిఫ్ట్‌ది.

కాయితాల_మాస్టారు:
అందరూ మిల్లీమీటర్లు కొలుస్తున్నారు, ఆర్‌సీ ఎవరూ తీయలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనరుకి 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ముందు ఇనుప గార్డుల మీద అయితే 2017 డిసెంబర్‌లోనే కేంద్రం నుంచి రాష్ట్రాలకి ఆదేశం వచ్చింది.

ఆ బంపర్ సంగతి చట్టం వదిలేసి చూసినా నాకు నచ్చదు. జిమ్నీకి ఆరు ఎయిర్‌బ్యాగులు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం ఎలా నలగాలో చూసుకునే వాటి సెన్సర్లు పెడతారు. ముందు ఇనుప దూలం కట్టి ఆ లెక్క చెడగొట్టడం ఎందుకు? రేగడిలో బంపర్ ఏం చేస్తుంది, ముక్కు మీద బరువు పెంచి ఇంకాస్త దించడం తప్ప?

రెండంగుళాల_పొగరు:
మాస్టారూ, రోడ్డు మీద వెళ్లే లిఫ్ట్ బండ్లన్నీ పట్టుకుంటున్నారా మరి?

కాయితాల_మాస్టారు:
పోలీసు పట్టుకోకపోవచ్చు నాయనా. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ పట్టుకుంటాడు.

పాడేరు_లోడు:
నేను ఏజెన్సీలో జీపు తోలుతాను. వంజంగి కొండ సీజన్‌లో తెల్లారుజామున ట్రిప్పులు. మా జీపులకి లిఫ్టూ లేదు, ఏటీ లేదు, ఎంటీ (మడ్ టైరు) లేదు. రాత్రి వాన పడితే ముందు దిగి నడిచి చూసి వస్తాం, ఏ రాయి కదిలిందో. మీరంతా బండి కింద దూరి కొలుస్తున్నారు, దారి ఎవరైనా నడిచి చూశారా?

తాండూరు_కంది:
😂 అన్నా, రేగడిలో నడిస్తే చెప్పులు అక్కడే ఉండిపోతాయి.

సరే, బంపర్ తీసేశాను లిస్టులోంచి. లిఫ్ట్ కూడా ఈ ఏడాదికి పక్కన పెడుతున్నా, మా దారిలో గట్లు లేవు. మిగిలింది టైర్లే. ఏటీనా, ఎంటీనా?

కమాన్‌కట్ట:
రేగడి ఒక్కటే అయితే ఎంటీ. దాని గాడుల మధ్య సందు ఎక్కువ, చక్రం తిరిగే ఊపుకి మట్టి విదిల్చి పారేస్తుంది. ఏటీ రేగడిలో కంపెనీ టైరు కన్నా కాస్త ఆలస్యంగా లడ్డూ అవుతుంది, అంతే తేడా. కానీ నువ్వు వారానికి రెండొందల పైచిలుకు కిలోమీటర్లు తార్రోడ్డు మీద, నాలుగూ నాలుగూ ఎనిమిది రేగడిలో తిరుగుతున్నావు. ఎంటీ వేస్తే వానలో తార్రోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, హోరు వేరే. ఎనిమిది కిలోమీటర్ల కోసం రెండొందల కిలోమీటర్లు చెవులు మూసుకుంటావా?

వరంగల్_ఆటోమేటిక్:
ఇక్కడ పెద్దాయనతో నేను పూర్తిగా ఏకీభవించను. ఏటీల్లోనూ తేడాలున్నాయి. అంచుల దగ్గర గాడులు తెరిచి ఉన్నవి తీసుకుంటే పరవాలేదు. వెడల్పు మాత్రం పెంచకండి. మీ బురద కింద గట్టి మొరం ఉంటే సన్న టైరు కోసుకుని దాన్ని అందుకుంటుంది. అడుగు లేని రేగడి అయితే వెడల్పుది తేలుతుంది. మీ బాట ఏది?

తాండూరు_కంది:
సగం సగం మేడమ్. నాపరాయి ముక్కలు పోసిన చోట అడుగు గట్టి. మా పొలం దగ్గరికి వచ్చేసరికి గడ్డపార దిగినంత లోతూ నలుపే.

సెప్టెంబర్ అప్‌డేట్: 215/75 ఏటీ నాలుగూ, స్టెప్నీకి ఒకటీ వేయించాను. గాలి పంపు, గేజ్, సాగే రికవరీ తాడు, రెండు షాకిళ్లు (తాడుని బండికి తగిలించే ఇనుప కొండీలు) కొన్నాను. అన్నీ కలిపి ఆ ప్యాకేజీలో సగం కూడా కాలేదు. పోయిన శనివారం వాన పడుతుండగానే వెళ్లాను. 18 పీఎస్‌ఐకి గాలి దించి, ‘ఫోర్ లో’ వేసి రెండో గేరులో, గాడి అంచు పట్టుకుని కిలోమీటరున్నర పోయాను. టకటక వచ్చినా కాలు తీయలేదు. తర్వాత మడ్‌గార్డు లోపల మట్టి మేకు దిగినట్టు పట్టేసి చక్రాలే తిరగడం మానేశాయి. అక్కడే వదిలేసి నడిచాను. ఆదివారం ఎండ వచ్చాక కొడవలి పిడితో మట్టి గీకి, 16కి దించి, ఒక్కసారి కూడా ఆగకుండా పొలం చేరాను.

రెండంగుళాల_పొగరు:
శనివారమే దాటలేదుగా. ఎంటీ, లిఫ్ట్ ఉంటే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య సందు ఉండేది, మట్టి పట్టేది కాదు. నా వాదన ఇంకా గాల్లోనే ఉంది, చూసుకోండి.

కమాన్‌కట్ట:
ఆ సందు మాట మాత్రం నిజం, కాదనను. ఇంతకీ శనివారం చిన్నాయన ట్రాక్టర్ తేలేదా?

తాండూరు_కంది:
ట్రాక్టర్ షెడ్డులోంచి తీయలేదు. ఆయన మోటార్ సైకిల్ కూడా తార్రోడ్డు మీదే పెట్టి, చెప్పులు చేతిలో పట్టుకుని నడిచి వచ్చాడు.