పెళ్లి ద్వారా గ్రీన్ కార్డ్: లాయర్‌ని పెట్టుకోవాలా, మేమే వేసుకోవచ్చా?

ప్రశ్న

నమస్తే అండి అందరికీ. నేను స్టెమ్ ఓపీటీ (ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద చదువు అయ్యాక పని చేసుకునే అనుమతి) మీద ఉన్నాను, వచ్చే మార్చితో అయిపోతుంది. మా ఆయన చిన్నప్పుడే అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చేశారు, ఇప్పుడు అమెరికా సిటిజన్. రెండు నెలల కిందట కౌంటీ ఆఫీసులో లైసెన్సు తీసుకుని పెళ్లి చేసుకున్నాం. ఐ-130 (భార్య కోసం మా ఆయన వేసే పిటిషన్), ఐ-485 (గ్రీన్ కార్డ్‌కి నేను వేసే అప్లికేషన్) రెండూ కలిపి ఒకేసారి పంపాలని మా ఆలోచన.

ఇద్దరు లాయర్లని అడిగాం. ఒకరు 2,800 డాలర్లు చెప్పారు, ఇంకొకరు 4,500. ప్రభుత్వ ఫీజులు దీనికి వేరు. 2024 ఏప్రిల్‌లో పెరిగిన రేట్ల ప్రకారం ఐ-130కి 675, ఐ-485కి 1,440, వర్క్ పర్మిట్‌కి 260, అడ్వాన్స్ పెరోల్‌కి 630 (కేసు నడుస్తుండగా దేశం బయటికి వెళ్లి రావడానికి అనుమతి ఇది), అన్నీ కలిపితే 3,005 అవుతోంది. మెడికల్ ఖర్చు మళ్లీ వేరే. ఇంకా అప్పు తీరుతున్న మాకు ఇది పెద్ద మొత్తమే. "ఫారాలు నింపడానికి అంత డబ్బు ఎందుకు, ట్యాక్స్ మనమే వేసుకుంటున్నాం కదా" అంటారు మా ఆయన. నాకేమో ఒక గడి తప్పు నింపితే ఏమవుతుందోనని రోజూ టెన్షన్, రాత్రి రెండింటికి లేచి సూచనలు మళ్లీ మళ్లీ చదువుతున్నాను.

మా కేసులో చిక్కులేమీ లేవనే అనుకుంటున్నా. ఎప్పుడూ స్టేటస్ తప్పలేదు, పర్మిషన్ లేకుండా పని చేయలేదు. మా ఆయన జీతం సరిపోతుంది. ఒక్కటే, నా బర్త్ సర్టిఫికెట్ నేను పుట్టిన చాలా ఏళ్లకు తీసుకున్నది, అందులో ఇంటిపేరు లేదు. డిసెంబరులో చెల్లి పెళ్లికి ఇండియా కూడా వెళ్లాలి. సొంతంగా వేసుకున్నవాళ్లు, లాయర్‌తో వేసినవాళ్లు మీ అనుభవం చెప్తారా?

జవాబు 1

మేము సొంతంగానే వేసుకున్నాం, ఇంటర్వ్యూ కూడా బాగానే జరిగింది. మీరు రాసినంతవరకూ చూస్తే మీదీ నేరుగా సాగిపోయే కేసే. సిటిజన్ భార్య కాబట్టి వీసా నంబరు కోసం క్యూ ఉండదు. మీ ఆయనది గ్రీన్ కార్డ్ మాత్రమే అయ్యుంటే లెక్క వేరేగా ఉండేది.

కష్టం ఫారాల్లో కాదు, కాగితాలు పోగేయడంలో ఉంటుంది. మాకు రెండు వారాంతాలు ఫారాలకి, నెలన్నర కాగితాలకి పట్టింది. ఇద్దరి పేర్లతో అద్దె ఒప్పందం, జాయింట్ బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సులో ఒకరి పేరు ఒకరు చేర్చడం, కలిసి వేసిన ట్యాక్స్, ఇలాంటివి ఫోటోల కంటే ఎక్కువ పని చేస్తాయి. రెండు నెలల పెళ్లి కాబట్టి మీ దగ్గర ఇవి తక్కువే ఉంటాయి, దానికి భయపడక్కర్లేదు, పెళ్లికి ముందు నుంచీ ఉన్న పరిచయం కూడా చూపించండి. ఐ-864లో, అంటే మిమ్మల్ని పోషిస్తానని మీ ఆయన ఇచ్చే హామీ ఫారంలో, ఆయన ఆదాయం మీ కుటుంబ సైజుకి ఉన్న పేదరిక రేఖలో 125 శాతం ఉంటే చాలు.

మెడికల్ ఫారం, అంటే ఐ-693, 2024 డిసెంబరు నుంచి ఐ-485తో పాటే పెట్టాలి, తర్వాత పంపుతామంటే కుదరదు. ప్రతి ఫారం కింద ఎడిషన్ తేదీ ఉంటుంది, పంపే రోజు ఉదయం ఇమిగ్రేషన్ శాఖ (యూఎస్‌సీఐఎస్) సైటులో మళ్లీ చూసుకోండి, పాతది పంపితే మొత్తం కట్ట వెనక్కి వచ్చేస్తుంది.

బర్త్ సర్టిఫికెట్ సంగతి మన వాళ్లలో సగం మందికి ఉన్నదే. అమ్మానాన్నల అఫిడవిట్లు, టెన్త్ సర్టిఫికెట్ జత చేయండి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణ ఉండాలి.

చెల్లి పెళ్లి మాత్రం ఆలోచించాల్సిందే. ఐ-485 పెండింగులో ఉండగా అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకుండా దేశం దాటితే ఆ అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకి మినహాయింపు ఉంది, ఎఫ్-1 వాళ్లకి లేదు.

జవాబు 2

నేను లాయర్‌ని పెట్టుకున్నాను, ఆ అనుభవం చెప్తాను. డబ్బు కట్టేదాకా లాయరుగారే ఫోన్లో మాట్లాడారు, కట్టాక ఒక్కసారి కూడా దొరకలేదు. మా పని అంతా పారాలీగల్, అంటే ఆఫీసులో లాయర్ సహాయకురాలు, చేసింది. తను మా కాగితాలు తీసుకుని ఫారాలు నింపి పంపింది, మేము చూడకుండా సంతకం పెట్టేశాం. అందులో నా పాత అడ్రసులు రెండు తప్పు, మా ఆవిడ ఉద్యోగం తేదీలు తప్పు, ట్యాక్స్ కాగితాలు పెట్టనే లేదు. నాలుగు నెలలకి ఇంకా రుజువులు పంపమనే నోటీసు, అంటే ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది. ఆ నోటీసు కూడా లాయర్ ఆఫీసులో రెండు వారాలు పడి ఉంది.

లాయర్లందరూ ఇలాగే అని నేను అనడం లేదు. లాయర్‌ని పెట్టినా సంతకం మీదే, అందులో ఉన్న ప్రతి మాటకీ ప్రమాణం చేసింది మీరే, కాబట్టి చదవడం తప్పదు. ఎలాగూ అంతా చదవాల్సిందే అయినప్పుడు, మామూలు కేసుకి 4,500 నాకైతే దండగ అనిపించింది. తీసుకుంటే మాత్రం ముందే అడగండి, నా ఫైలు ఎవరు చూస్తారు, ఆర్‌ఎఫ్‌ఈ వస్తే దానికి జవాబు ఇదే ఫీజులోనా, ఇంటర్వ్యూకి వస్తారా లేదా. జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి.

జవాబు 3

అమ్మా, పై ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ లాయర్ కావాలా వద్దా అన్నది ఫారం కష్టాన్ని బట్టి తేల్చుకోకండి. ఫారాలు ఎవరైనా నింపగలరు. మీ ఇద్దరి గతంలో ఏముందో దాన్ని బట్టి తేల్చుకోవాలి. నేను ఇరవై ఏళ్లుగా ఇక్కడున్నాను, మా బంధువుల్లో ఇలాంటివి ఆరేడు దగ్గర నుంచి చూశాను. ఇబ్బంది పడినవాళ్లలో ఒక్కరు కూడా గడి తప్పు నింపి ఇబ్బంది పడలేదు. చెప్పాల్సిన విషయం ఒకటి చిన్నదే కదా అనుకుని చెప్పనివాళ్లే పడ్డారు.

ఐ-485 చివర్లో అవును, కాదు అనే ప్రశ్నలు పేజీల కొద్దీ ఉంటాయి. ఇద్దరూ కూర్చుని ప్రతి దానికీ గట్టిగా చదువుతూ జవాబు చెప్పుకోండి. ఎక్కడైనా "కాదు" అనడానికి నోరు కాస్త తడబడితే అక్కడ లాయర్ కావాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు కొట్టేసినా సరే. వీసా ఎప్పుడైనా తిరస్కరించారా. వీసా ఫారంలో రాసినదానికీ ఇప్పుడు రాసేదానికీ తేడా ఉందా. ఇద్దరిలో ఎవరికైనా ఇంతకు ముందు పెళ్లి అయిందా, అయితే దాని కోర్టు డిక్రీ చేతిలో ఉందా. మీ ఆయన ఇంతకు ముందు ఎవరికైనా పిటిషన్ వేశారా.

వీటిలో ఏదీ లేకపోతే జవాబు 1 చెప్పినట్టే చేసుకోండి, ధైర్యం కోసం ఒక్క గంట కన్సల్టేషన్‌కి డబ్బు కట్టి మీరు నింపిన కట్ట చూపించుకోండి. చాలామంది లాయర్లు అలా చూసి పెడతారు, మొత్తం కేసు ఇవ్వక్కర్లేదు.

అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్ అండి. జవాబు 3 రాసినవారు అడిగిన ప్రశ్నలు చదివాక నిన్నంతా ఏమీ తోచలేదు. ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నాను.

డిగ్రీ అవగానే ఊళ్లో నాకు ఒక పెళ్లి చేశారు. మూడు నెలలు కూడా కలిసి లేము. ఇరువైపులా పెద్దమనుషులు కూర్చుని, కట్నం, బంగారం ఎవరివి వాళ్లకి ఇప్పించి, స్టాంపు పేపరు మీద ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదని రాయించి సంతకాలు పెట్టించారు. రిజిస్టర్ కాని పెళ్లి, కోర్టుకి వెళ్లలేదు. పెళ్లి రిజిస్టరే కానప్పుడు లెక్కలోకి రాదని మా నాన్న చెప్పారు, నేనూ అదే నమ్మాను. వీసాకి వచ్చినప్పుడు కన్సల్టెన్సీ వాళ్లు ఫారంలో సింగిల్ అని పెట్టారు, ఇక్కడ మ్యారేజ్ లైసెన్సులోనూ ఇదే మొదటి పెళ్లి అని రాశాను. మా ఆయనకి అన్నీ తెలుసు. అత్తగారికి తెలియదు. దీన్ని ఫారంలో రాయాలా?

జవాబు 3

రాయాలి తల్లీ. ముందు ఒక మాట, ఇది ఫైల్ చేయకముందే బయటికి చెప్పావు, అందుకే చేయగలిగింది ఇంకా చాలా ఉంది. కంగారు పడకు.

నాన్నగారు చెప్పింది తప్పు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం రిజిస్టర్ కానంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదు. ఆచారం ప్రకారం తంతు జరిగితే అది పెళ్లే. ఐ-130లో నువ్వు ఎన్నిసార్లు పెళ్లి చేసుకున్నావు, ముందు భర్త పేరేంటి, ఆ పెళ్లి ఏ తేదీన ముగిసింది అని నేరుగా అడుగుతారు. దానికి రుజువు కూడా పెట్టాలి.

ఇక పెద్దమనుషుల కాగితం సంగతి. అదే చట్టంలో 29(2) సెక్షన్, కులాచారం ప్రకారం వచ్చిన విడాకులు ఉంటే వాటిని కాపాడుతుంది. అయితే మీ కులంలో అలాంటి ఆచారం నిజంగా ఉందని, ఆ ఆచారం ప్రకారమే అది జరిగిందని నువ్వు రుజువు చేయాలి. స్టాంపు పేపరు ఉంది కదా అంటే సరిపోదు. అక్కడి చట్టం ప్రకారం ఆ విడాకులు చెల్లాయా అనే ఇక్కడి ఆఫీసర్లు చూస్తారు, నిరూపించే బరువు పిటిషన్ వేసిన మీ ఆయన మీద ఉంటుంది. చెల్లలేదంటే మీరు ఇప్పుడు చేసుకున్న పెళ్లే చెల్లదు, పిటిషన్ పోతుంది, కట్టిన ఫీజు తిరిగి రాదు. పైగా మార్చి తర్వాత ఓపీటీ కూడా అయిపోయి ఉంటుంది. 2025 ఫిబ్రవరి నుంచి, తిరస్కరించిన నాటికి స్టేటస్ లేనివాళ్లకి ఇమిగ్రేషన్ కోర్టుకి రమ్మని నోటీసు ఇచ్చే విధానం తెచ్చారు. అందుకే ఇది సొంతంగా వేసుకునే కేసు కాదు.

లాయర్ తేల్చాల్సినవి నాకు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది, ఆ కాగితాన్ని కోర్టు ద్వారా గుర్తింపజేయడం మేలా, లేక అదే చట్టంలోని 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో కొత్తగా విడాకులు తీసుకుని, ఆ డిక్రీ వచ్చాక మీ ఆయనతో మళ్లీ పెళ్లి చేసుకుని అప్పుడు ఫైల్ చేయడం మేలా. 13బిలో ఆగాల్సిన ఆరు నెలల గడువుని తగిన కారణం ఉంటే కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అతనూ సహకరించాలి, అది వేరే సంగతి. దీనికి ఇండియాలో కూడా ఒక లాయర్ కావాల్సి వస్తుంది. రెండోది, వీసా ఫారంలో సింగిల్ అని రాసినది. కన్సల్టెన్సీ నింపినా సంతకం నీదే. అది తప్పుడు సమాచారం కిందికి వస్తుందా, తెలియక రాసినదని ఎలా చెప్పాలి అన్నది ఇక్కడ ఎవరూ తేల్చలేరు, నేను కూడా. ఆ ప్రశ్నకి జవాబు లాయర్‌తో కూర్చున్నాకే రాయి.

ఇంకోటి. సాధారణంగా ఒకే లాయర్ భార్యాభర్తలిద్దరి తరఫునా ఉంటారు. ఒకరు చెప్పినది ఇంకొకరి దగ్గర దాచలేరు. మీ ఆయనకి అన్నీ తెలుసన్నావు కాబట్టి నీకు ఇబ్బంది లేదు. అత్తగారికి మాత్రం, ఆవిడ చేత మీ పెళ్లి నిజమైనదని అఫిడవిట్ రాయించే ఆలోచన ఉంటే, ముందు చెప్పేసి ఆ తర్వాతే రాయించండి.

జవాబు 1

నేను ముందు రాసింది మీ కేసుకి వర్తించదు, దయచేసి దాన్ని పట్టుకుని ఏమీ పంపకండి. డిసెంబరు ప్రయాణం కూడా లాయర్‌ని అడగకుండా టికెట్ కొనొద్దు. విడాకుల పనికి ఎలాగూ వెళ్తున్నా కదా అనిపిస్తుంది, కానీ మళ్లీ రావడానికి ఎఫ్-1 వీసా స్టాంపింగ్ అవసరమైతే అక్కడ ఇప్పుడు పెళ్లయిందని చెప్పాలి, సిటిజన్‌తో పెళ్లయ్యిందంటే స్టూడెంట్ వీసా కష్టం.

జవాబు 4

లాయర్‌ని ఎలా వెతుక్కోవాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఇమిగ్రేషన్ ఫెడరల్ చట్టం, అందుకని వేరే రాష్ట్రం లైసెన్సు ఉన్న లాయర్ అయినా చేయొచ్చు. ఆ రాష్ట్రం బార్ సైటులో పేరు కొట్టి లైసెన్సు నడుస్తోందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా చూడండి. మన వాళ్లలో "ఫైలింగ్ చేసి పెడతాం" అనే కన్సల్టెంట్లు ఉంటారు, 500 డాలర్లకి చేస్తామంటారు, ఇలాంటి కేసుల్లో వాళ్ల దగ్గరికి అస్సలు వెళ్లొద్దు. లాయర్ కానీ, జస్టిస్ డిపార్ట్‌మెంట్ గుర్తింపు ఉన్న ప్రతినిధి కానీ కాకుండా సలహా ఇవ్వడమే నేరుగా తప్పు. డబ్బు తీసుకుని ఫారం నింపి, ఫారం తయారు చేసినవారు సంతకం పెట్టాల్సిన చోట ఖాళీగా వదిలేశారంటే అక్కడికక్కడే లేచి వచ్చేయండి.

మొదటి మీటింగులోనే, మా కులంలో పెద్దమనుషుల ద్వారా అయిన విడాకులు, కోర్టు డిక్రీ లేదు, ఇలాంటివి మీరు చేశారా అని అడగండి. చేయనివాళ్లకి మొదట్లోనే తడబాటు తెలుస్తుంది. 2,800కీ 4,500కీ తేడా మీకు అక్కడ తేలుతుంది.

అడిగినవారు

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న ముగ్గురికి ఫోన్ చేశాం. ఇద్దరు "అది మామూలే, పెట్టేద్దాం" అన్నారు, ఎలా అని అడిగితే చెప్పలేదు. మూడో ఆవిడ ముందు ఆ స్టాంపు పేపరు, పెళ్లి ఫోటోలు, నా పాత వీసా ఫారం కాపీ పంపమన్నారు, అవి చూడకుండా ఫీజు కూడా చెప్పనన్నారు. గంటకి 250 డాలర్లు. శనివారం పదింటికి మాట్లాడుతున్నాం. చెల్లికి డిసెంబరులో రాలేనేమో అని ఫోన్ చేసి చెప్పాను, ఇద్దరం ఏడ్చాం.

రాత్రి అమ్మ ఆ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. అయిదుగురు పెద్దమనుషుల సంతకాలున్నాయి. అందులో ఇద్దరు ఇప్పుడు లేరట.

జవాబు 3

మిగిలిన ముగ్గురూ ఎక్కడున్నారో, మాట్లాడే స్థితిలో ఉన్నారో శనివారం లోపు నాన్నగారి చేత కనుక్కో. లాయరమ్మ అఫిడవిట్లు కావాలంటే ముందు అడిగేది వాళ్లనే. ఇంకా ఏమీ రాయించకండి, ఏం రాయాలో ఆవిడ చెప్పాకే. అసలు కాగితం మాత్రం అమ్మ దగ్గర జాగ్రత్తగా ఉంచమను, లామినేషన్ చేయించొద్దని చెప్పు.