అప్‌డేట్: డ్రైసూట్ మణికట్టు లీకు, పైకి తేలే కాళ్లు

నాది ట్రైలామినేట్ (మూడు పొరల గుడ్డ) డ్రైసూట్, అంటే చల్లటి నీళ్లలో డైవింగ్‌కి వేసుకునే, లోపలికి నీళ్లు రానివ్వని సూట్. మణికట్లకి, మెడకి లేటెక్స్ సీల్స్ (బిగుతైన రబ్బరు పట్టీలు). ఎడమ చెయ్యి మోచేతి దాకా తడుస్తోంది, నీళ్లలో కాళ్లు పైకి లేచిపోతున్నాయి అని అడిగాను కదా. రెండూ తీరాయి.

లీకుకి కారణం సీల్ వదులు కాదు. పిడికిలి బిగిస్తే మణికట్టు లోపలివైపు టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు) తాళ్లలా లేస్తాయి చూడండి, వాటి మధ్య పల్లంలోంచే నీళ్లు దారి చేసుకుంటాయి. సీల్‌ని ఎముక దాటించి, రెండు వేళ్ల వెడల్పు మోచేతి వైపు జరిపితే ఆగిపోయింది. సూట్ లోపల వేసుకునే థర్మల్ (వెచ్చటి బట్ట) అంచు సీల్ కింద ఇరుక్కున్నా ఇదే గొడవ. గుడ్డ దీపం వత్తిలా నీళ్లు పీలుస్తుంది.

కాళ్లది బూటు సైజు తప్పు. బూటులో ఖాళీ ఉంటే సూట్ లోపలి గాలి అక్కడికి చేరి కాళ్లని పైకి లేపుతుంది. మందపాటి ఉన్ని సాక్సు, పిక్కల మీద గెయిటర్లు (సూట్‌ని కాలికి బిగించే పట్టీలు) వేస్తే సరిపోయింది.

కొత్తగా కొనేవాళ్లు పూర్తి థర్మల్స్ మీదే సూట్ వేసి చూడండి. ఐస్‌లాండ్‌లో డైవింగ్ చేసే సిల్ఫ్రా అనే నేల పగులులో నీళ్లు ఏడాదంతా 2–4 డిగ్రీలే, అక్కడికి పల్చటివి చాలవు. గొంతుక్కూర్చోండి, వీపు వెనక సిలిండర్ వాల్వ్ అందుకోండి. ఎక్కడైనా లాగితే సూట్ చిన్నదే.

మెడ సీల్ బిగుతైతే ఒక్కసారికి ఒక్క రింగే (దాని మీది గుండ్రటి గీత వరకే) కత్తిరించండి, పదునైన కత్తెరతో, ఆపకుండా. గంటు పడితే అక్కణ్ణుంచే చిరుగుతుంది. తల తిరిగితే సీల్ మెడ ధమనిని నొక్కుతున్నట్టే, వెంటనే తీసెయ్యండి.