చెన్నై నుంచి పళవేర్కాడు: ఒక్క ఆదివారం సరిపోతుందా?

ఆదివారం_తిరుగుడు:
అందరికీ నమస్కారం. జనవరిలో ఒక ఆదివారం పళవేర్కాడు, అదే పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు, వెళ్దామనుకుంటున్నాం. కొరుక్కుపేట నుంచి బయల్దేరాలి, కారు లేదు, లోకల్ రైలే గతి. పెద్దవాళ్లు ఇద్దరు, పదేళ్ల పాప. డచ్చివాళ్ల సమాధులు, పడవ షికారు, ఫ్లెమింగోలు, వచ్చేటప్పుడు రొయ్యలూ ఎండ్రకాయలూ. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా? ఇంకో సంగతి, ఎక్కడి డచ్చివాళ్లు ఈ ఊరికి ఎందుకొచ్చినట్టు? పాప తప్పకుండా అడుగుతుంది.

ఉప్పునీరు:
ముందు పడవ షికారు కొట్టేయండి. 2011 క్రిస్మస్ రోజు ఇక్కడ పడవ బోల్తా పడి 22 మంది పోయారు. పర్యాటకులను ఎక్కించుకోవడం మీద నిషేధం అప్పటిదే. అయినా గట్టు మీద ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. "నడుములోతు నీళ్లే సార్" అంటారు. సరస్సులో చాలాచోట్ల అది నిజమే, లోతు మీటరుకు అటూ ఇటూ. భయమంతా మొగ దగ్గర, అంటే సరస్సు సముద్రంలో కలిసేచోట. పోటు తీసేటప్పుడు సరస్సు నీళ్లన్నీ ఆ ఇరుకు సందులోంచే బయటికి తోసుకుపోతాయి, ఎదురుగా సముద్రపు అల వచ్చి ఇసుక తిన్నె మీద విరుగుతుంది. ఆ రెండిటి మధ్య జనంతో నిండిన పడవ నిలబడదు. అందరూ ఒక పక్కకు జరిగి ఫోటో తీసుకున్నా చాలు.

రైలు: గుమ్మిడిపూండి లోకల్ మీ కొరుక్కుపేట మీదుగానే పోతుంది. పొన్నేరిలో దిగండి. అక్కణ్నుంచి బస్సో షేర్ ఆటోనో, 20 కిలోమీటర్ల లోపే. ఏడింటికల్లా ఊళ్లో ఉండేట్టు చూసుకోండి. చేపల ఏలం ఎండ ముదిరేలోపే అయిపోతుంది. పెద్దవాళ్లున్నారు కాబట్టి బాత్రూమ్ పని పొన్నేరి స్టేషన్‌లోనే ముగించుకోండి, నీళ్లు మోసుకెళ్లండి. పళవేర్కాడులో రిసార్టు సౌకర్యాలు వెతక్కూడదు, అది చేపల ఊరు.

పాతరాయి:
పాపకు చెప్పాల్సిన జవాబు ఒక్క మాటలో: బట్టల కోసం. డచ్చివాళ్లకు కావలసింది ఇండోనేషియా దీవుల లవంగం, జాజికాయ. ఆ దీవులవాళ్లు వాటికి బదులు అడిగింది మన తీరపు నూలుబట్ట, గళ్లవీ అద్దకం వేసినవీ. అందుకే ముందు ఇక్కడ బట్ట కొని, అక్కడ దినుసులకు మార్చేవాళ్లు. పాలయకాట్ లుంగీ అంటారే, ఆ పాలయకాట్ ఈ ఊరి పేరే. తెలుగులో ప్రళయకావేరి అంటాం, ఇంగ్లీషువాడి నోట్లో పులికాట్ అయింది.

పోర్చుగీసువాళ్లు ఇంకా ముందే వచ్చారు. విజయనగర రాజు వెంకటపతి రాయలు ఏలుతున్న రోజుల్లో, 1610 ప్రాంతాన, డచ్చివాళ్లు అనుమతి తెచ్చుకుని ఇక్కడ గిడ్డంగి పెట్టారు. మైలాపూరు పక్కన శాంథోమ్‌లో ఉన్న పోర్చుగీసువాళ్లు 1612లో దాన్ని ధ్వంసం చేశారు. దాంతో 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్టణానికి మారేదాకా కోరమండల్ తీరంలో డచ్చివాళ్ల ముఖ్యస్థానం ఇదే. ఇక్కడ తుపాకిమందు తయారుచేశారు. బానిసలను కూడా ఇక్కణ్నుంచే ఓడలెక్కించి బటావియాకు (ఇప్పటి జకార్తా) పంపారు. ఆ ముక్క టూరిస్టు బోర్డుల మీద కనపడదు, పాపకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కోట కోసం వెతకొద్దు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లీషువాళ్లు పడగొట్టేశారు. ఇప్పుడక్కడ ముళ్లపొదలూ మట్టిదిబ్బలే. చూడాల్సింది పురావస్తు శాఖవాళ్ల ఆధీనంలోని సమాధుల తోట. గేటుకు రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలుంటాయి. లోపల కొన్ని సమాధులు గోపురాల్లా, కొన్ని మొనదేలిన స్తంభాల్లా, మిగతావి నేలకు పరిచిన పెద్ద పలకలు. పలకల మీది డచ్చి అక్షరాలు మిట్టమధ్యాహ్నం చదవలేరు, ఎండ నెత్తిన పడితే రాయంతా ఒకే నలుపుగా కనిపిస్తుంది. పొద్దున ఏటవాలు వెలుగులో గాడిగాడికీ నీడ పడి, కుటుంబ చిహ్నాల్లో చిన్న గీత కూడా తేలుతుంది. సుద్దముక్కతో రుద్దడం, నీళ్లు పోయడం చెయ్యకండి. గేటుకు తాళం ఉంటే చుట్టుపక్కల అడగండి.

టైం మిగిలితే తాటాకు బుట్టలు అల్లేవాళ్ల దగ్గరికి వెళ్లండి. ఊళ్లోని ముస్లిం ఆడవాళ్ల చేతిపని అది.

గూడబాతు:
ఫ్లెమింగోలు, పళవేర్కాడు ఊరు, రెండూ ఒకే రోజు పెట్టుకోకండి. మ్యాప్‌లో ఒకే సరస్సు. కానీ దానిలో ఎక్కువ భాగం ఆంధ్రాలో ఉంది, పక్షులను దగ్గరగా చూడాలంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకే వెళ్లాలి. పళవేర్కాడు నుంచి అడ్డంగా దారి లేదు, మళ్లీ పొన్నేరికి వచ్చి తడ మీదుగా తిరిగి రావాలి. పొద్దున వెలుగు ఎటూ పోతుంది.

ఇంకో ఆదివారం పెట్టుకోండి. అదే లైన్‌లో సూళ్లూరుపేట దాకా వెళ్లే మెము బళ్లు కొన్ని ఉన్నాయి. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లే. షార్ (రాకెట్ కేంద్రం) గేటుకు ముందు అటకానితిప్ప దగ్గర ఆగి చూడొచ్చు. నీళ్లు మోకాలి లోపు ఉంటేనే ఫ్లెమింగో దిగి మేస్తుంది, ముక్కు తలకిందులుగా పెట్టి బురదనీళ్లు వడపోసుకుంటుంది మరి. వానలు ఎక్కువై సరస్సు నిండితే ఆ రోడ్డు పక్కన ఒక్కటీ కనపడకపోవచ్చు. మార్చి దాటితే అక్కడ నీళ్లే తగ్గిపోతాయి. గూడబాతులైతే దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో చెరువులోని కడప చెట్ల మీద గూళ్లు కడతాయి, జనవరిలో పిల్లలతో ఉంటాయి.

ఆదివారం_తిరుగుడు:
సరే, రెండు ఆదివారాలు. పడవ లేదు. ఎండ్రకాయలు ఇంటిదాకా పాడవకుండా ఎలా తేవాలి? పోయినసారి మార్కెట్లో కొన్నవాటిలో కండే లేదు.

ఉప్పునీరు:
అవి నీటి ఎండ్రకాయలు. పెంకు వదిలి కొత్తది కట్టుకుంటున్నప్పుడు లోపల కండ తక్కువ, నీళ్లెక్కువ. తిరగేసి, వెనక కాళ్ల మొదట్లో పొట్ట పెంకును బొటనవేలితో నొక్కండి. లొత్తపడితే వదిలెయ్యండి. రాయిలా ఉండి, సైజుకు మించిన బరువుంటే తీసుకోండి. డెక్కలు కట్టించాకే చేతికి తీసుకోవాలి.

చాలామంది నీళ్ల బకెట్లో వేసి తెస్తారు. కాసేపటికే ఆ నీళ్లలో గాలి అయిపోయి చస్తాయి. తడిపిన గోతంలో వదులుగా చుట్టి నీడన పెడితే సాయంత్రం దాకా బతుకుతాయి. చచ్చినదాన్ని వండొద్దు, తొందరగా విషమెక్కుతుంది. రొయ్యలకు మాత్రం ఐసు కావాలి, కిలోకు కిలో, ఒక పొర ఐసు ఒక పొర రొయ్య. తల కీలు నల్లబడి వదులైందంటే నిన్నటిది.

అక్కడ రేటు ఎక్కువైందని ఊరివాళ్లతో వాదించకండి. మొగకు ఇసుక అడ్డుపడినప్పుడల్లా సముద్రంలోంచి రొయ్యపిల్ల సరస్సులోకి రాదు, వేసవిలో లోపలి నీళ్లు సముద్రం కంటే ఉప్పెక్కుతాయి, వల ఖాళీగా లేస్తుంది. ఉన్న కొద్ది చోటులోనూ అందరూ ఒక్కసారి వెయ్యరు. ఏ రోజు ఎవరు ఎక్కడ వల కట్టాలో చీట్లు వేసి వంతులు పంచుకునే పద్ధతి ఉంది, దాన్ని పాడు అంటారు. మన పాడైపోవడం కాదు, వేరే మాట. కొనేముందు "ఇది సరస్సుదా, సముద్రందా" అని అడగండి. సరస్సు రొయ్య రుచి వేరు. ఏలంలో తట్ట లెక్కన పాడతారు, కిలో రెండు కిలోలు కావాలంటే పక్కన చిల్లరగా అమ్మే ఆడవాళ్ల దగ్గరే కొనుక్కోవాలి.