'డిఫంక్ట్' అంటే రిపేరుకు వచ్చేదా, ఇక లేనట్టేనా?

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు పల్లె. తాగడానికి భగీరథ నీళ్లున్నాయి గానీ గొడ్లకు, బట్టలకు మా వాడకు బోరింగే ఆధారం. మూడు నెలలుగా హ్యాండిల్ కొడితే గరగరమని గాలే వస్తోంది. దరఖాస్తు పెడితే ఇంగ్లిష్ కాగితం వచ్చింది. అందులో మా బోరింగు ఎదురుగా 'డిఫంక్ట్' అని ఉంది.

'డిఫెక్టివ్' అంటే లోపమున్నదని తెలుసు. ఏటీఎం మీద పెట్టే 'ఔట్ ఆఫ్ ఆర్డర్' అంటే ప్రస్తుతానికి చెడిందని. డిఫంక్ట్ మాత్రం లాటిన్ మాటట, మూలంలో 'చనిపోయిన' అనే అర్థం కూడా ఉంది. మూతపడ్డ కంపెనీలకు, వదిలేసిన బోరుబావులకు పేపర్లో ఇదే రాస్తారు. అందుకే టెన్షన్.

మెకానిక్ విప్పి చూశాడు. తోలు వాషర్లు అరిగి పీలికలైనయ్, లోపల నీళ్లున్నయ్ అన్నాడు. మరి వాషర్లు మారిస్తే నడిచేదాన్ని డిఫంక్ట్ అనొచ్చా? ఆఫీసు భాషలో ఈ మాటకు 'తాత్కాలికంగా పనిచేయనిది' అనే అర్థం కూడా ఉందా? మళ్లీ రాసే దరఖాస్తులో 'నాన్ ఫంక్షనల్, రిపేరబుల్' అంటే సరిపోతుందా? ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి. సోమవారం కాగితం ఇవ్వాలి.