రాబోయే మూడు పనిదినాల గడువులు: లెక్క క్వెరీలోనా, సెలవుల పట్టికలోనా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మాది చిన్న పరపతి సంఘం. రాబోయే మూడు పనిదినాల్లో గడువు పడే వరుసలను వాయిదాల టేబుల్ నుంచి ప్రతి ఉదయం తీసి వసూలు సిబ్బందికి ఇస్తాము. ఇప్పుడున్న క్వెరీ (డేటాబేసును వివరాలు అడిగే ఆదేశం) ఈ రోజు తేదీకి 3 కలిపి అక్కడితో ఆగిపోతుంది. అందువల్ల రెండవ శనివారానికి ముందటి శుక్రవారం నాడు జాబితా సోమవారంతో ముగుస్తుంది; మంగళ, బుధవారాల్లో కట్టవలసినవారికి ముందుగా ఫోను వెళ్లదు. షరతును క్వెరీలోనే రాయడం మంచిదా, విడిగా సెలవుల పట్టిక పెట్టుకోవడం మంచిదా?

గంటస్తంభం (విజయనగరం):
క్వెరీలోనే రాయండి. 2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులకు రెండవ, నాలుగవ శనివారాలు సెలవు, మీరూ అదే పాటిస్తున్నట్టున్నారు. నెలలో 8 నుంచి 14 లోపు వచ్చే శనివారం రెండవదే అవుతుంది, 22 నుంచి 28 లోపు వచ్చేది నాలుగవదే అవుతుంది. వారం సంఖ్య, అంటే ఆది, సోమ వంటి రోజుకు డేటాబేసు ఇచ్చే అంకె, 1 అయితే ఆదివారం. 7 అయి తేదీ ఆ హద్దుల్లో ఉంటే సెలవు శనివారం. ఇంత చిన్న లెక్కకు మరో టేబుల్ ఎందుకు?

జీడితోట (పలాస):
శనివారం సంఖ్య 6. మీరు చెప్పినట్టు 7 అని రాస్తే సెలవు శనివారాలు పనిదినాలుగా మిగులుతాయి.

గంటస్తంభం:
పదేళ్లుగా 7 అనే రాస్తున్నాను, ఒక్క శనివారమూ తప్పిపోలేదు. చూసి రాయండి.

జీడితోట:
చూసే రాశాను. ఇప్పుడే నడిపాను. 6.

వంశధార:
మైఎస్‌క్యూఎల్‌లోని డేఆఫ్‌వీక్ అనే ఫంక్షను శనివారాన్ని 7 అంటుంది, అందులోనే ఉన్న వీక్‌డే 5 అంటుంది, పోస్ట్‌గ్రెస్ 6 అంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనైతే డేట్‌ఫస్ట్ అమరికను (వారం ఏ రోజుతో మొదలవుతుందో చెప్పేది) బట్టి మారుతుంది. నాగావళిగారిది ఏ డేటాబేసో ఇంతవరకు ఎవరూ అడగలేదు.

నాగావళి గట్టు:
పోస్ట్‌గ్రెస్ అండి.

జీడితోట:
సంఖ్య సంగతి తేలింది కనుక అసలు విషయానికి వస్తాను. విజయదశమి తరువాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజు మా సంస్థ విజయనగరం శాఖ తెరవదు, పలాస శాఖ తెరుస్తుంది. దీనిని ఏ వారం సంఖ్యతో పట్టుకుంటారు? రంజాన్ సెలవైతే నెలవంకను బట్టి చివరి నిమిషంలో మారుతుంది. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. అక్కడి మా శాఖకు స్థానిక సెలవులు మారాయి, క్వెరీలో రాసిన ఫార్ములా మాత్రం మారలేదు. ఆ దసరాకు సిరిమాను రోజును పనిదినంగా లెక్కించి జాబితా ఇచ్చింది. మూడవ పనిదినం బయటే ఉండిపోయి, ఆ రోజు కట్టవలసిన సభ్యులకు ముందుగా కబురు అందక అపరాధ వడ్డీ పడింది. సంజాయిషీ మాత్రం నేను రాసుకున్నాను.

కాబట్టి ప్రతి తేదీకి, ప్రతి శాఖకు ఒక వరుస ఉండే పట్టిక పెట్టండి. అందులో పనిదినం క్రమసంఖ్య అని ఒక కాలమ్ ఉండాలి. అది పనిదినం వచ్చినప్పుడే ఒకటి పెరగాలి, సెలవు రోజుకు దానికి ముందున్న సంఖ్యే ఉండాలి. అప్పుడు గడువు తేదీ ఈ రోజు లేదా తరువాతిదై, దాని క్రమసంఖ్య ఈ రోజు సంఖ్యకు 3 కలిపినదానికి మించని వరుసలన్నీ అడిగితే సరిపోతుంది. పనిదినాలకు సరిగ్గా సరిపోలే వరుసలనే అడిగారంటే ఆదివారం గడువు పడినవి జారిపోతాయి, ఆ పొరపాటు చేయకండి.

వెలుగు దస్తావేజు (బొబ్బిలి):
ఆదివారం గడువును శనివారంలో కలపాలా, సోమవారంలోనా అన్నది ముందు తేల్చుకోవాలి. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 25వ సెక్షను ప్రకారం ప్రామిసరీ నోటు గడువు సెలవునాడు పడితే ముందటి పనిదినమే గడువు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 10వ సెక్షను మాత్రం, కార్యాలయంలో చేయవలసిన పనికి చివరి రోజు సెలవైతే తరువాత తెరిచిన రోజున చేయవచ్చంటుంది. జీడితోటగారి క్రమసంఖ్య మొదటి దారిలో నడుస్తోంది. ముందుగా ఫోను చేయడానికి అదే మేలు, వడ్డీ వేయడానికి అదే వాడకూడదు.

గంటస్తంభం:
పట్టికల గొప్పతనం నాకు చెప్పనక్కరలేదు. మునుపు పనిచేసిన చోట అచ్చం ఇలాంటి పట్టికనే డిసెంబరు 31 వరకు నింపి వదిలేశారు. జనవరి మొదటి వారంలో క్వెరీ ఒక్క వరుసా ఇవ్వలేదు. తప్పు చూపి ఆగిపోయి ఉంటే ఎవరైనా గమనించేవారు. అది నిశ్శబ్దంగా ఖాళీ జాబితా ఇచ్చింది, ఈ వారం వాయిదాలు లేవనుకుని సిబ్బంది సంతోషించారు. నాలుగో రోజున నన్ను పిలిచి నిలబెట్టారు. ఫార్ములా పండగ ఒకటి మరిచిపోతుందేమో కానీ సంవత్సరాన్నే మరిచిపోదు.

జీడితోట:
అది పట్టిక తప్పు కాదు, నింపనివారి తప్పు. కంప్యూటరు విభాగంలో కూర్చున్న మీరే నింపి ఉండవలసింది.

గంటస్తంభం:
అదిగో, అసలు మాట ఇప్పుడు వచ్చింది! మీ శాఖ ఏ రోజు మూస్తారో నాకెలా తెలుస్తుందండి? సిరిమానుకు సెలవిస్తున్నారని ఏ శాఖవారైనా ఒక్క కాగితం పంపారా? పట్టిక కావాలని మీరు, నింపాలని నేను, తప్పితే మాట పడాలనీ నేనే. నాకు ఫార్ములా మీద ప్రేమేమీ లేదు. అది ఇంకొకరి కబురు కోసం ఎదురుచూడదు, అంతే.

జీడితోట:
శాఖలో ఉన్న మాకు ఆ టేబుల్‌లో ఒక గడి మార్చే అనుమతి కూడా లేదు. కాగితం పంపితే ఎవరు తీసుకుంటారో తెలియదు. సంజాయిషీ అడిగేటప్పుడు మాత్రం మా పేరు అందరికీ తెలుసు.

వంశధార:
పట్టికలో ఆఖరి తేదీకి 60 రోజులే మిగిలితే ఖాళీ జాబితాకు బదులు హెచ్చరిక ఇచ్చేలా క్వెరీ మొదట్లో ఒక తనిఖీ పెట్టవచ్చు. దానితో జనవరి గొడవ తీరుతుంది, సిరిమాను గొడవ తీరదు.

నాగావళి గట్టు:
పట్టిక తయారుచేశాను. ఆదివారాలు, రెండవ, నాలుగవ శనివారాలు గంటస్తంభంగారి లెక్కతో రెండేళ్లకు ఒకేసారి నింపాను, పోస్ట్‌గ్రెస్‌కు తగ్గట్టు ఆదివారానికి 0, శనివారానికి 6 వేసి. స్థానిక సెలవులు నమోదు చేసే అనుమతి ఒక్కో శాఖలో ఒకరికి ఇవ్వమని మేనేజరుగారికి రాశాను. ఎవరి పేరు పెట్టాలో చెప్పమని ఆయన శాఖలకు పంపారు. ఇంతవరకు ఒక్క శాఖ నుంచీ పేరు రాలేదు.